విరిగిన క్రాంకు, నిపుణుడి మాట

2022 ఆగస్టులో మా మేనల్లుడు ప్రకాశం బ్యారేజీ మీద సైకిలు తొక్కుతూ పడ్డాడు. ఎవరూ గుద్దలేదు, రోడ్డు మీద గుంటా లేదు. సీటు మీంచి లేచి, బరువంతా ఎడమ పెడలు మీద వేసి తొక్కుతుంటే పెడలు విడిపోయి కాలితో పాటే కిందకి వెళ్ళిపోయింది. ముందు పళ్ళు రెండు, భుజం దగ్గరి కాలర్ బోను విరిగాయి. ఆస్పత్రికీ పళ్ళ డాక్టరుకీ కలిపి మా బావకి 90 వేలు దాటింది. సైకిలు ఖరీదు 19 వేలు. కొని రెండేళ్ళు.

ఇంటికి తెచ్చి చూస్తే పెడలు ఊడలేదు. క్రాంకు విరిగింది. క్రాంకు అంటే పెడలుకీ మధ్య ఇరుసుకీ నడుమ ఉండే జానెడు కమ్మీ. పాత సైకిళ్ళకి ఉక్కువి ఉండేవి, ఈ గేరు సైకిళ్ళకి అల్యూమినియంవి వస్తున్నాయి. పెడలు బిగించే కన్నం చుట్టూ ఉన్న భాగం సగానికి తెగిపోయింది.

మా ఇంట్లో నేనొక్కడినే హేతువాదిని. అందుకని కాగితాల పనులేవున్నా నాకే అప్పజెబుతారు, దేవుడి పనులు మిగతావాళ్ళు చూసుకుంటారు. మా అమ్మ దిష్టి తీసి నిమ్మకాయ తొక్కించింది. నేను కంపెనీకి ఉత్తరం రాశాను. పది రోజులకి జవాబొచ్చింది: ఆ భాగం మా తయారీ కాదు, వేరే కంపెనీ దగ్గర కొని బిగిస్తాం; పైగా ఇది వాడకంలో జరిగిన పొరపాటు, తయారీ లోపం కాదు. వాళ్ళు విరిగిన ముక్కని చూడనైనా లేదు.

మా అక్కకి ఒళ్ళు మండింది. "ఒరేయ్, కేసు వెయ్యి. ఎంతైనా సరే," అంది. తెలిసిన వకీలుగారి దగ్గరకి వెళ్ళాను. ఆయన ఫోటోలు చూసి, "మీరు లోపం ఉందంటారు, వాళ్ళు లేదంటారు. కమిషన్‌కి కావలసింది నిపుణుడి అభిప్రాయం. తీసుకురండి," అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 38వ సెక్షను ప్రకారం, పరీక్ష చెయ్యందే లోపం తేలదనుకుంటే జిల్లా కమిషనే వస్తువుకి సీలు వేసి తగిన ప్రయోగశాలకి పంపుతుంది, 45 రోజుల్లో రిపోర్టు అడుగుతుంది. 1986 నాటి పాత చట్టంలోనూ ఇదే ఏర్పాటు ఉండేది. రుసుము ఫిర్యాదుదారే కట్టాలి. అయితే దావాకి ముందే మన చేతిలో ఒక రిపోర్టు ఉండటం మంచిదన్నది వకీలుగారి సలహా.

అలా నిపుణుడి వేటలో పడ్డాను. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చదివింది కొంత, సిగ్గుపడింది కొంత.

మొదటి నిపుణుడు మా వీధి చివర సైకిలు మేస్త్రి. ముప్ఫై ఏళ్ళ అనుభవం. ముక్కని వెలుగులో పెట్టి, "చూడండి సార్, పంచదార పలుకుల్లా ఉంది. లోపల మెటలు గుల్లబారిపోయింది. డూప్లికేట్ మాలు," అన్నాడు. నిజమే, విరిగిన చోట సగం మెరుస్తూ గరుగ్గా ఉంది. నాకూ అలాగే అనిపించింది. రెండో ఆయన ఒక ఇంజనీరు, లెటర్‌హెడ్డూ రబ్బరు స్టాంపూ ఉన్నాయి. ఫోన్లోనే విషయం విని మూడు వేలవుతుందన్నాడు. ముక్క ఎప్పుడు తెమ్మంటారని అడిగాను. "అక్కర్లేదండీ, వాట్సాప్‌లో ఫోటో పెట్టండి చాలు. ఇంతకీ ఏమని రాయమంటారు?" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నేను ఫోటో పంపాను. బాబాల విభూతిని పరీక్షకి పెట్టాలని పాతికేళ్ళుగా మీటింగుల్లో మాట్లాడుతున్న మనిషిని, మూడు వేలకి నాకు కావలసిన సత్యం దొరుకుతుందంటే ఒక రాత్రంతా ఊగిసలాడాను. డబ్బు పంపలేదు. అది నా గొప్పతనం కాదు. ఎదుటి వకీలు "ముక్కని చేత్తో పట్టుకుని చూశారా?" అని అడిగితే ఆయనేం చెబుతాడన్న భయమే ఆపింది.

"ఏమని రాయమంటారు" అన్న ఆ ప్రశ్న ఎంత పాతదో తర్వాత చదువుతుంటే తెలిసింది.

కోర్టులో మామూలు సాక్షి తను చూసిందీ విన్నదీ మాత్రమే చెప్పాలి. అభిప్రాయం చెప్పకూడదు, అది జడ్జీ పనీ జ్యూరీ పనీ. మరి వాళ్ళకి తెలియని శాస్త్రం వస్తే ఏం చెయ్యాలి? ఇంగ్లండులో ఈ ప్రశ్న ఒక రేవు దగ్గర తేలింది. నార్‌ఫోక్ తీరంలో వెల్స్ అనే చిన్న రేవు ఇసుక మేట వేసి పూడిపోతోంది. పక్కనే ఉన్న ఉప్పు బీడుని సాగులోకి తేవడానికి ఒక భూస్వామి కరకట్ట కట్టించాడు. రేవు పూడటానికి ఆ కట్టే కారణం, తీసెయ్యాలి అన్నారు రేవు అధికారులు. భూస్వామి కోర్టుకెళ్ళాడు. ఫోక్స్ వర్సెస్ చాడ్ అన్న ఆ వ్యాజ్యంలో భూస్వామి తరఫున సాక్ష్యం చెప్పడానికి జాన్ స్మీటన్ వచ్చాడు. ఎడ్డీస్టోన్ దీపస్తంభాన్ని కట్టి 1759లో పూర్తిచేసిన ఇంజనీరు ఈయనే. ఆయన చెప్పేది అభిప్రాయమే కాని చూసిన సంగతి కాదని కింది జడ్జీ తోసిపుచ్చాడు. 1782లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టి మళ్ళీ విచారణ జరపమన్నాడు. రేవు ఎందుకు పూడిందన్నది శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న, దాని మీద ఆ శాస్త్రం తెలిసినవాడి అభిప్రాయం సాక్ష్యమే అన్నాడు. (బానిసలు, వర్తకులు, ఓడలు, ఇసుక... పద్దెనిమిదో శతాబ్దంలో ఏది కదిలినా మాన్స్‌ఫీల్డ్ ముందుకే వచ్చినట్టుంది.)

నిపుణుడి సాక్ష్యానికి పునాది అని న్యాయ పుస్తకాలన్నీ ఈ తీర్పునే చూపిస్తాయి. నన్ను ఆపేసింది మాత్రం తీర్పు కాదు, స్మీటన్ వాదన. నేను పెద్ద ఇంజనీరుని కాబట్టి నా మాట నమ్మండి అని ఊరుకోలేదాయన. అదే తీరంలో, అలాంటి పరిస్థితుల్లోనే ఉన్న ఇతర రేవుల్ని చూపించాడు. అక్కడ కరకట్టలు లేవు, అయినా అవీ పూడుతున్నాయి. కట్ట లేనిచోట కూడా ఇసుక మేట వేస్తుంటే, ఇక్కడ కట్టే కారణమని ఎలా అంటారు? జ్యూరీలో ఉన్న రైతు కూడా లెక్క చూసుకోగలిగిన వాదన ఇది. తాయత్తు కట్టుకున్నవాడి జ్వరం తగ్గిందని ఎవరైనా అంటే, కట్టుకోనివాడి జ్వరం తగ్గలేదా అని మనం అడుగుతామే, అదే.

ఈ ఇసుక మన దాకా వచ్చింది. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ తయారుచేసిన భారత సాక్ష్య చట్టంలో 45వ సెక్షను నిపుణుల గురించి. దాని పక్కనే 46వ సెక్షను, నిపుణుడి అభిప్రాయాన్ని బలపరిచే, లేదా దానితో పొసగని వాస్తవాల గురించి. దాని కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి చదివి కుర్చీలోంచి లేచాను. రేవు పూడటానికి ఫలానా సముద్రపు గోడే కారణమా అన్నది ప్రశ్న. అలాంటి గోడలు లేని, మిగతా విషయాల్లో సమానమైన ఇతర రేవులు కూడా దాదాపు అదే కాలంలో పూడటం మొదలుపెట్టాయన్న సంగతి సంబద్ధమైనదే. ఊరి పేరు లేదు, స్మీటన్ పేరు లేదు. వాదన మాత్రం అలాగే చట్టంలోకి ఎక్కి కూర్చుంది. 2024 జూలై 1న ఆ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. 45వ సెక్షను 39 అయింది, 46వది 40 అయింది, రేవు మాత్రం అక్కడే ఉంది. నిపుణుడు ఏ కారణాలతో ఆ అభిప్రాయానికి వచ్చాడన్నదీ సంబద్ధమేనని చెప్పే పాత 51వ సెక్షను కొత్తదాంట్లో 45 అయింది. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పాటించనక్కర్లేదు గాని, తర్కం ఎక్కడైనా తర్కమే కదా.

ఇక మేస్త్రి చెప్పిన పంచదార పలుకుల సంగతి.

1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కి జనంతో కిక్కిరిసి వస్తున్న రైలు మ్యూడాన్ దగ్గర పట్టాలు తప్పింది. ముందున్న ఇంజను ఇరుసు విరగడమే కారణం. పెట్టెలకి బయటినుంచి తాళాలు వేసి ఉండటంతో యాభై మందికి పైగా మంటల్లో చిక్కి చనిపోయారు. అంటార్కిటికా దాకా వెళ్ళొచ్చిన నావికుడు ద్యుమోం ద్యుర్విల్ కూడా వాళ్ళలో ఒకడు. మంచి ఇనుముతో చేసి, నిన్నటిదాకా తిరిగిన ఇరుసు ఇవాళ ఎందుకు విరిగింది? ఆనాటి నిపుణుల్లో చాలామంది ఒక జవాబు చెప్పారు. పీచుపీచుగా ఉండే ఇనుము కుదుపులకి క్రమంగా స్ఫటికంగా మారిపోతుంది, అప్పుడు పెళుసుబారి విరుగుతుంది అని. ఆధారం? విరిగిన చోట చూడండి, పలుకులు పలుకులుగా మెరుస్తోంది కదా! మా వీధి మేస్త్రి 180 ఏళ్ళ తర్వాత చెప్పింది సరిగ్గా ఇదే, ఎవరి దగ్గరా చదవకుండానే.

మరుసటి ఏడు, 1843లో, ఇంకా ఇరవై మూడు నిండని విలియం రాంకిన్ అనే స్కాట్లండు ఇంజనీరు విరిగిన రైలు ఇరుసుల్ని పరిశీలించి ఒక పత్రం చదివాడు. పగులు ఒక్కసారిగా రాలేదు, ఇరుసు మందం హఠాత్తుగా మారే మూల దగ్గర మొదలై కొంచెం కొంచెంగా లోపలికి పాకింది, మిగిలిన కాస్త లోహం బరువు మొయ్యలేక చివరికి ఒక్కసారిగా తెగింది అన్నాడు. ఆ తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ ఏళ్ళ తరబడి ఇరుసుల్ని వంచుతూ తిప్పుతూ, ఎంత బరువుకి ఎన్ని సార్లకి విరుగుతాయో లెక్కలు తీశాడు. 1903లో యూయింగ్, హంఫ్రీ సూక్ష్మదర్శిని కింద ఆ పగులు పుట్టుకనే చూశారు. లోహాలు మొదటినుంచీ స్ఫటికాలేనని, కుదుపులకి కొత్తగా అయ్యేదేమీ లేదని తర్వాత ఎక్స్‌రేలతో పూర్తిగా తేలిపోయింది. చివర్లో హఠాత్తుగా తెగిన భాగమే గరుగ్గా మెరుస్తుంది. జనం దాన్ని చూసి, అదే కారణమనుకున్నారు. ఫలితాన్ని కారణంగా పొరబడటం అన్నమాట.

1842కి మరో ప్రత్యేకత ఉంది. ఆ ఏడే ఇంగ్లండులో వింటర్‌బాటమ్ వర్సెస్ రైట్ తీర్పు వచ్చింది. బండి లోపం వల్ల పడి దెబ్బలు తగిలిన టపా బండివాడు, ఆ బండిని సరఫరా చేసినవాడి మీద దావా వేస్తే, మీ ఇద్దరికీ మధ్య ఒప్పందం లేదు పొమ్మన్నారు. ఆ అడ్డుగోడని అమెరికాలో 1916లో ఒక చక్రం పగలగొట్టింది. మాక్‌ఫర్సన్ అనే ఆయన కారు చక్రం చెక్క ఆకులు విరిగి కింద పడ్డాడు. చక్రం మేం చెయ్యలేదు, వేరేవాళ్ళ దగ్గర కొన్నాం, పైగా కారు నీకు అమ్మింది మేం కాదు డీలరు అంది బ్యూయిక్ కంపెనీ. న్యూయార్క్ జడ్జీ కార్డోజో ఒప్పుకోలేదు. వస్తువుని తయారుచేసి జనం మీదికి పంపినవాడు అందులోని భాగాల్ని పరీక్షించుకోవాలన్నాడు. మా కంపెనీ ఉత్తరంలో మొదటి వాక్యానికి 106 ఏళ్ళ కిందటే జవాబు ఉంది. మన 2019 చట్టంలోనూ ఉత్పత్తి బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. రెండో వాక్యం, వాడకంలో పొరపాటు అన్నది, మాత్రం నిలబడే ఉంది. వస్తువుని తప్పుగా వాడినా, మార్చినా అమ్మకందారు మీద ఉత్పత్తి బాధ్యత దావా వెయ్యకూడదంటుంది అదే చట్టం 87వ సెక్షను.

మూడో నిపుణుడు దొరికింది అక్టోబరులో. ఇంజనీరింగు కాలేజీలో లోహశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. ముక్క తీసుకున్నారు, కళ్ళజోడు పైకెత్తి భూతద్దంలో చూశారు, గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత నన్ను కూర్చోబెట్టి చూపించారు. విరిగిన మొహంలో గరుకు భాగం సగమే. మిగతా సగం నున్నగా, కొంచెం నల్లగా ఉంది. దాని మీద సన్నని వంపు గీతలు, అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లాగా. "ఇవన్నీ ఎక్కడ కేంద్రం అవుతున్నాయో చూడండి. పగులు పుట్టిన చోటు అదే," అన్నారు. గీతలన్నీ పెడలు కన్నం బయటి అంచుని చుట్టుకుని ఉన్నాయి.

ఆయన లెక్క కూడా వేసి చూపించారు. రోజుకి పది కిలోమీటర్లు, పెడలు ఒక చుట్టుకి సుమారు అయిదు మీటర్లు, అంటే రోజుకి 2,000 తొక్కులు. ఏడాదికి 300 రోజులనుకుంటే 6 లక్షలు. రెండేళ్ళకి 12 లక్షల సార్లు ఆ కమ్మీ వంగి లేచింది. ఉక్కుకి ఒక హద్దు ఉంటుంది, దాని కింద ఎన్నిసార్లు వంచినా సాధారణంగా విరగదు. అల్యూమినియంకి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న గాటు పడితే చాలు.

"అయితే తయారీ లోపమే కదా మాస్టారూ?" అన్నాను ఆశగా.

"పగులు ఎక్కడ పుట్టిందో చెప్పాను. ఎందుకు పుట్టిందో ఇంకా చెప్పలేదు," అన్నారు. అప్పుడడిగారు, పెడళ్ళు ఎప్పుడైనా మార్చారా అని.

తెలియదన్నాను. మావాణ్ణి అడిగితే తలొంచుకున్నాడు. ఎనిమిది నెలల కిందట ఆన్‌లైన్లో ఇనుప పెడళ్ళు కొని సొంతంగా బిగించుకున్నాడట. సైకిలుకి ఎడమ పెడలు మర ఎదురు తిరుగుతుంది. కుడిది కుడికి, ఎడమది ఎడమకి. తొక్కేటప్పుడు పెడలు దానంతటదే వదులైపోకుండా అలా పెడతారు. వాడు ముందు కుడి పెడల్ని ఎడమ క్రాంకులో పెట్టి పానాతో బలవంతంగా రెండు చుట్లు తిప్పాడు. తప్పు తెలిసి తీసేసి సరైనది పెట్టాడు. కాని అప్పటికే మెత్తటి అల్యూమినియం మరలు నలిగాయి, పెడలు పూర్తిగా బిగుసుకోలేదు.

ఇక్కడ నా కథ ఆపి మళ్ళీ అమెరికా వెళ్ళాలి. ఆ రాత్రి నేను చదువుతున్నది అదే. నిపుణుడి మాటకి కొలబద్ద ఏమిటన్న ప్రశ్న అక్కడ మూడు మెట్లు ఎక్కింది. మొదటిది 1923లో ఫ్రై కేసు. అబద్ధం చెబితే రక్తపోటు పెరుగుతుంది, కొలిచి పట్టేస్తానన్న విలియం మార్‌స్టన్ పరీక్షని (ఈయనే తర్వాత వండర్ ఉమన్ బొమ్మల కథలు సృష్టించాడు) కోర్టు ఒప్పుకోలేదు. ఆ రంగంలోని వాళ్ళందరూ సాధారణంగా ఆమోదించిన పద్ధతి అయితేనే తెమ్మంది. వినడానికి బాగానే ఉంది. కాని "ఆ రంగం" ఏది? జ్యోతిష్యం గురించి జ్యోతిష్కుల్ని అడిగితే ఏకగ్రీవంగా ఆమోదిస్తారు. మనకిది ఊహ కూడా కాదు. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిర్విజ్ఞాన కోర్సులు పెడతానంటే, హైదరాబాదులో సీసీఎంబీని స్థాపించిన పి.ఎం. భార్గవ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్ళారు. అక్కడా ఓడిపోయారు, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. నిపుణుల సంస్థ నిర్ణయంలో మేం తలదూర్చం అన్నదే ఆ తీర్పుల సారాంశం. నిపుణుడి కుర్చీకి దణ్ణం పెట్టడమంటే ఇదే.

రెండో మెట్టు 1993 నాటి డాబర్ట్ కేసు. గర్భిణుల వాంతులకి ఇచ్చే బెండెక్టిన్ మందు వల్ల పిల్లలు అవకరాలతో పుట్టారన్న దావా. ఈసారి అమెరికా సుప్రీంకోర్టు ఏకంగా కార్ల్ పాపర్‌ని ఉటంకించింది. పద్ధతిని పరీక్షకి పెట్టగలమా, పెట్టారా, ఇతరులు పరిశీలించి చూశారా, ఎంత తప్పొస్తుంది అని జడ్జీలు అడగాలంది. మూడోది 1999 నాటి కుమ్హో టైరు కేసు. మా క్రాంకుకి దగ్గరి చుట్టం. వ్యాను టైరు పేలి ఒకరు చనిపోయారు. ఫిర్యాదుదారుల నిపుణుడు తయారీ లోపమే అన్నాడు. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, టైరుని గాలి తక్కువతో నడిపితే నాలుగు గుర్తులు కనిపిస్తాయి, వాటిలో కనీసం రెండు లేకపోతే లోపం కంపెనీదే. తీరా ఆ టైరు అరిగి బోడిగా ఉంది, సరిగ్గా పూడ్చని పంచర్లు రెండున్నాయి, గుర్తులూ కొద్దికొద్దిగా ఉన్నాయి. నిపుణుడు ముందు ఫోటోలు చూసే అభిప్రాయానికొచ్చాడు, టైరుని మొదటిసారి ముట్టుకున్నది వాంగ్మూలం ఇవ్వాల్సిన రోజు పొద్దున. కోర్టు ఆయన సాక్ష్యాన్ని కొట్టివెయ్యడం సరైనదేనని, ప్రయోగశాల శాస్త్రవేత్తకున్న నియమం అనుభవంతో చెప్పే ఇంజనీరుకీ వర్తిస్తుందని తీర్పు వచ్చింది. వాట్సాప్‌లో నేను పంపిన ఫోటో గుర్తొచ్చింది.

మన సుప్రీంకోర్టు కూడా అదే 1999లో, హిమాచల్ ఆపిల్ తోటల కేసులో, నిపుణుడు తన నిర్ణయం సరైనదో కాదో జడ్జీ సొంతంగా పరీక్షించుకోవడానికి కావలసిన కొలబద్దలు అందించాలంది. ఈ మాటకి మూలం ఎడిన్‌బరోలో మురుగు కాలువ కోసం జరిపిన పేలుళ్ళ మీద 1953లో వచ్చిన తీర్పు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా సైకిళ్ళలోనే ఉంది. 2003లో జేమ్స్ అనన్ అనే ఆయన, వృత్తి వాతావరణ పరిశోధన, డిస్కు బ్రేకు సైకిళ్ళ ముందు చక్రం దానంతటదే ఊడొచ్చే ప్రమాదం ఉందని రాశాడు. లెక్క సులువైనదే. చక్రం వ్యాసార్ధం సుమారు 34 సెంటీమీటర్లు, డిస్కుది 8. నేల దగ్గరి బ్రేకు బలానికి నాలుగు రెట్లకి పైగా బలం డిస్కు మీద పడుతుంది. బ్రేకు ఫోర్కుకి వెనక ఉండటంతో ఆ బలం ఇరుసుని కిందికి లాగుతుంది. ఇరుసు కూర్చునే గాడి నోరు కూడా కిందికే! సైకిలు పరిశ్రమలో ఆయనకే హోదా లేదు. కాని కాగితం, పెన్సిలు ఉన్నవాడెవడైనా సరిచూసుకోవచ్చు. తర్వాతి ఏళ్ళలో మౌంటెన్ సైకిళ్ళలో గాడి బదులు మూసి ఉన్న కన్నంలోంచి దూర్చే ఇరుసులే మామూలైపోయాయి. దృఢత్వం లాంటి ఇతర కారణాలూ దానికున్నాయి లెండి.

మాస్టారి దగ్గరికి తిరిగొద్దాం. మావాడి పెడళ్ళ సంగతి చెప్పాలా వద్దా? ముక్క మీద అంతా రాసి ఉందని ఆయనకి తెలుసు, కాని కమిషన్‌కి తెలియనక్కర్లేదు కదా. వెళ్ళి చెప్పాను. చెప్పి, గొంతు తగ్గించి, "రిపోర్టులో ఆ ఒక్క వాక్యం లేకుండా కుదురుతుందా మాస్టారూ?" అని అడిగాను కూడా.

"తీసేస్తాను. కాని అప్పుడు కింద నా సంతకం ఉండదు," అన్నారు. కోపంగా అనలేదు. కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.

తర్వాత ఆయన నన్నొక పనికి పంపారు. అదే మోడలు, అదే వయసు సైకిళ్ళు ఉన్న మావాడి స్నేహితులిద్దరి దగ్గర ఎడమ క్రాంకులు విప్పించి తెచ్చాను. వాటికి కంపెనీ పెడళ్ళే ఉన్నాయి. ఎర్రటి ద్రవం పూసి, తుడిచేసి, పైన తెల్ల పొడి చల్లారు. పగులుంటే అందులో ఇంకిన ఎరుపు పైకొచ్చి గీతలాగా కనిపిస్తుంది. రెండింటి మీదా తెలుపు తెల్లగానే ఉండిపోయింది. చేతులు కడుక్కుంటూ, "రెండే కదా, దీన్ని రుజువు అనకూడదు. రెండు చూశాను, పగులు కనపడలేదు అని మాత్రమే రాస్తాను," అన్నారు. ఆయనకి తెలుసో లేదో గాని, వెల్స్ పక్కనున్న రేవులకి నన్ను పంపించారు.

రిపోర్టు నాలుగు పేజీలు వచ్చింది. మిశ్రలోహం కంపెనీ చెప్పుకున్నదే. గట్టిదనం ఉండాల్సినంత ఉంది. కోసి పాలిష్ చేసి చూసిన చోట బుడగలు గాని మలినాలు గాని కనిపించలేదు. మొదటి రెండు మరలు నలిగి ఉన్నాయి. వదులుగా ఉన్న పెడలు భుజం క్రాంకు మీద రాసుకుని నల్లటి గుంట చేసింది, పగులు పుట్టింది ఆ గుంటలోనే. ఏయే పరికరంతో చూశారో, ఏది చూడలేదో కూడా రాశారు.

వకీలుగారు చదివి, "దీనితో వెయ్యలేం," అన్నారు. పెడళ్ళ గురించి హెచ్చరిక ఇవ్వలేదని వాదిద్దామా అని సైకిలుతో వచ్చిన పుస్తకం తిరగేశారు. ఎడమ మర గురించి అందులో బొమ్మతో సహా ఒక పేజీ ఉంది. కావాలంటే ఈ రిపోర్టు పక్కన పెట్టి ఇంకో నిపుణుణ్ణి చూద్దామన్నారు. వద్దన్నాను. ఆ మాట అనడానికి నాకే హక్కుందో ఇప్పటికీ తెలియదు. పళ్ళు నావి కావు, డబ్బూ నాది కాదు.

బావ ఏమీ అనలేదు. అక్క మాత్రం, "పెడళ్ళు మార్చాడని నువ్వెందుకు చెప్పావురా? వాళ్ళు ముక్కని చూడకుండానే మన తప్పన్నారు, అది అబద్ధం కాదా? నీ పుస్తకాలు వాడి పళ్ళు కట్టిస్తాయా?" అంది. మొదటి ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. రెండోదానికి ఆమెదే ఒప్పు. చూడకుండా చెప్పినది సరిపోయినంత మాత్రాన అది తెలిసి చెప్పినట్టు కాదు. ఆ మాట కంపెనీకి ఇంకో ఉత్తరంగా రాశాను, జవాబు రాలేదు. మూడో ప్రశ్నకి పరీక్షల ఖర్చు నేనే పెట్టుకున్నాను. అక్క రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు.

మొన్న దసరాకి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయుధ పూజకి సైకిలు కడిగి హ్యాండిలుకి బంతి దండ కట్టారు, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. నేను నిమ్మకాయ గురించి మాట్లాడలేదు. మావాడు పానా పట్టుకుని పెడళ్ళు బిగిస్తున్నాడు. గుమ్మంలో నిలబడి అక్క చెబుతోంది: "రెండూ ముందుకే తిప్పాలిరా. ఎడమది కూడా ముందుకే."